ఎగువన ఒక మాట, దిగువన ఒక మాట

గుర్రంకొండ కోట చుట్టూ కురిసిన వాన వంకల్లో, వాగుల్లో పడి చివరికి పెన్నలో కలుస్తుంది. అక్కడి నుంచి దక్షిణంగా మదనపల్లె, పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చేరితే, ఆ నేల మీద కురిసిన వాన పాలారు వెంట తమిళనాడుకు పోతుంది. ఈ రెండు పరీవాహకాలకూ సంబంధం లేని కృష్ణా నది నీరు శ్రీశైలం జలాశయం అంచు నుంచి హంద్రీ-నీవా కాలువలో దాదాపు ఏడు వందల కిలోమీటర్లు నడిచి ఇదే నేలకు వస్తోంది. అంటే గుర్రంకొండ నుంచి కుప్పం దాకా ఉన్న ఈ మెట్ట ప్రాంతం మూడు నదుల లెక్కల్లో ఇరుక్కుని ఉంది. ఒక నదికి మనం అందరికన్నా చివర ఉన్నాం. ఇంకొక నదికి తమిళనాడు కన్నా ఎగువన ఉన్నాం. చివర ఉన్నచోట మనం న్యాయం అడుగుతున్నాం, ఎగువన ఉన్నచోట మనల్ని న్యాయం అడుగుతున్నారు. ఈ రెండు తగాదాలూ సుప్రీంకోర్టు గడప తొక్కినవే. రెండింటిలోనూ ఆంధ్రప్రదేశ్ ఒకే మాట మాట్లాడాలని, ఆ ఒక్క మాట మీద నిలబడితేనే ఈ మండలాలకు నీటి మీద చెదరని హక్కు దక్కుతుందని ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను.

ముందుగా చట్టం ఎలా అమరి ఉందో చూద్దాం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో పదిహేడో పద్దు నీటిని రాష్ట్రాలకు అప్పగించింది. సాగు, తాగునీరు, కాలువలు, నిల్వ అన్నీ అందులోనే ఉన్నాయి. కానీ ఆ అధికారం కేంద్ర జాబితాలోని యాభై ఆరో పద్దుకు లోబడి ఉంటుంది. రాష్ట్రాల సరిహద్దులు దాటే నదుల నియంత్రణ, అభివృద్ధి విషయంలో పార్లమెంటు చట్టం చేయవచ్చని ఆ పద్దు చెబుతుంది. ఇక 262వ అధికరణం నదీజలాల తగాదాలకు వేరే తీర్పు వేదికను ఏర్పరచే అధికారాన్ని, ఆ తగాదాల్లోకి కోర్టులు రాకుండా అడ్డుకట్ట వేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. దాని ప్రకారమే 1956లో అంతర్రాష్ట్ర నదీజలాల వివాదాల చట్టం వచ్చింది. ఆ చట్టం పదకొండో సెక్షను ఇలాంటి తగాదాలను సుప్రీంకోర్టు పరిధి నుంచి కూడా తప్పించి ట్రిబ్యునళ్లకు అప్పగించింది. అదే ఏడాది నదీ బోర్డుల చట్టం కూడా వచ్చింది. కానీ ఆ చట్టం కింద ఇంతవరకు ఒక్క నదికీ బోర్డు ఏర్పడలేదు. రాష్ట్రాలు ముందే కూర్చుని మాట్లాడుకోవడానికి ఉద్దేశించిన చట్టం కాగితం మీదే ఉండిపోయింది. తగాదా ముదిరాక తీర్పు చెప్పే చట్టం మాత్రమే పనిలో ఉంది. మన నదీజలాల వ్యవహారంలో సగం కష్టాలకు మూలం ఇక్కడే ఉంది.

ఇప్పుడు కృష్ణా సంగతి. బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు ఇచ్చి, 1976లో దానికి తుది రూపం ఇచ్చింది. నూటికి డెబ్బై ఐదేళ్లు నమ్మకంగా దొరికే నీటిని 2060 టీఎంసీలుగా లెక్కగట్టి, తిరిగి నదిలోకి చేరే నీటిని కూడా కలిపి మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు పంచింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,830 కోట్ల లీటర్లు. ఆ లెక్కకు మించి వరద ఏళ్లలో వచ్చే మిగులు నీటిని వాడుకునే వెసులుబాటును దిగువ రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. అయితే ఆ వాడకం వల్ల ఏ హక్కూ సంక్రమించదని అదే తీర్పులో స్పష్టంగా రాసింది. హంద్రీ-నీవా పథకం ఈ మిగులు నీటినే నమ్ముకుని రూపుదిద్దుకుంది. 40 టీఎంసీలు ఎత్తిపోసి కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు ఉమ్మడి జిల్లాల్లో ఆరు లక్షల ఎకరాలకు సాగునీరు, దారిలోని లక్షలాది మందికి తాగునీరు ఇవ్వాలన్నది దాని లక్ష్యం. మల్యాల దగ్గర మొదలయ్యే ఎత్తిపోతలు, మెట్టుమెట్టుగా పంపులు, ప్రధాన కాలువ, రెండు వందల కిలోమీటర్లకు పైగా సాగే పుంగనూరు ఉపకాలువ, దాని నుంచి చీలి వంద కిలోమీటర్లకు పైగా నడిచే కుప్పం ఉపకాలువ, ఇంత నిర్మాణమూ వెసులుబాటు అనే ఒక్క పదం మీద నిలబడి ఉంది. 2024 ఫిబ్రవరిలో ఒక ప్రభుత్వం, 2025 ఆగస్టులో తర్వాతి ప్రభుత్వం కుప్పంలో కృష్ణమ్మకు స్వాగతం పలికాయి. ఆ సంతోషం న్యాయమైనదే. కానీ కాలువలో నీరు పారడం ఒకటి, ఆ నీటి మీద చట్టంలో హక్కు ఉండడం ఇంకొకటి. రెండోది మనకు ఇంకా లేదు.

ఎందుకు లేదో చూద్దాం. బచావత్ తీర్పు గడువు ముగిశాక 2004 ఏప్రిల్‌లో బ్రిజేశ్‌కుమార్ అధ్యక్షతన రెండో కృష్ణా ట్రిబ్యునల్ ఏర్పడింది. 2010 డిసెంబరులో నివేదిక, 2013 నవంబరులో మరో నివేదిక ఇచ్చింది. ఈసారి మిగులు నీటిని కూడా రాష్ట్రాలకు పంచేసింది. కర్ణాటక ఆల్మట్టి జలాశయంలో నీటిమట్టాన్ని 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచుకోవచ్చని చెప్పింది. ఈ తీర్పును గెజిట్‌లో ప్రచురించవద్దని 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి అది ఇంకా అమలులోకి రాలేదు. వస్తే మాత్రం మన కాలువ నమ్ముకున్న మిగులే తగ్గిపోతుంది. ఇంతలో 2014లో రాష్ట్ర విభజన జరిగింది. విభజన చట్టంలోని 89వ సెక్షను ఇదే ట్రిబ్యునల్‌కు ప్రాజెక్టుల వారీగా కేటాయింపులు, నీరు తక్కువైన ఏళ్లలో పంపిణీ పద్ధతి తేల్చే పని అప్పగించింది. పదకొండో షెడ్యూలులో హంద్రీ-నీవా, తెలుగుగంగ, గాలేరు-నగరి, వెలిగొండ, కల్వకుర్తి, నెట్టెంపాడు పథకాల పేర్లు రాసి, ఉమ్మడి రాష్ట్రం ప్రకటించిన ప్రణాళిక ప్రకారం వాటిని పూర్తి చేయాలని, నీటి ఏర్పాటు అలాగే కొనసాగాలని చెప్పింది. 2023 అక్టోబరులో కేంద్రం 1956 చట్టం ఐదో సెక్షను కింద ట్రిబ్యునల్‌కు మరిన్ని విచారణాంశాలు అప్పగించింది. తెలంగాణ అడిగిన ఆ విచారణ పాత కేటాయింపులను తిరగదోడుతుందంటూ ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈలోగా 811 టీఎంసీల్లో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అన్న తాత్కాలిక ఒప్పందం 2015 నుంచి ఏడాదికేడాది సాగుతూ వచ్చింది. తెలంగాణ సగం సగం పంచాలని అడిగింది. ఈ వాదనలన్నింటిలో మన రాష్ట్రం పదేపదే చెప్పే మాటలు రెండు. ఎగువవాళ్లు మా అనుమతి లేకుండా కొత్త నిర్మాణాలు చేయకూడదన్నది మొదటిది. ఇప్పటికే నీరు పారుతున్న మా ఆయకట్టుకు ముందు భద్రత ఉండాలన్నది రెండోది.

ఈ రెండు మాటల్నీ గుర్తుపెట్టుకుని కుప్పం వైపు చూడండి. పాలారు కర్ణాటకలో పుట్టి అక్కడ సుమారు 93 కిలోమీటర్లు, కుప్పం ప్రాంతంలో 33 కిలోమీటర్లు, తమిళనాడులో 222 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. కర్ణాటకలో కోలారు జిల్లా చెరువుల గొలుసు, బేతమంగళం జలాశయం దాటుకుని వచ్చే నీరే తక్కువ. ఆ తక్కువలోనే కుప్పం మండలం గణేశపురం దగ్గర జలాశయం కట్టాలని మన రాష్ట్రం తలపెట్టింది. దానిపై తమిళనాడు 2006లో సుప్రీంకోర్టులో దావా వేసింది. 2016లో చెక్‌డ్యాంల ఎత్తు పెంచారంటూ మళ్లీ కోర్టుకెక్కింది. 2024 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం ఈ ప్రాజెక్టును మళ్లీ ముందుకు తెచ్చినప్పుడు, కోర్టులో వ్యవహారం నడుస్తుండగా ఇదేమిటని తమిళనాడు నిరసన తెలిపింది. అక్కడి వాదన వినండి. ఎగువ రాష్ట్రం మా అనుమతి లేకుండా కొత్త నిర్మాణం చేయకూడదు. వేలూరు, కాంచీపురం వైపు ఉన్న మా పాత ఆయకట్టుకు, తాగునీటి బావులకు ముందు భద్రత ఉండాలి. కృష్ణా మీద మనం చెప్పే మాటలే పాలారు మీద వాళ్లు మనకు చెబుతున్నారు. పాలారు మీద మనం ఇచ్చే సమాధానం, అంటే మా గడ్డ మీద కురిసిన వానను మేం ఆపుకోవడం మా హక్కు అన్న సమాధానం, కృష్ణా మీద కర్ణాటక, తెలంగాణ మనకు ఇచ్చే సమాధానమే.

పాలారు దావాకు పునాది 1892 నాటి ఒప్పందం. మద్రాసు ప్రభుత్వానికి, మైసూరు సంస్థానానికి మధ్య కుదిరిన ఆ ఒప్పందం జాబితాలో పాలారు కూడా ఉంది. చాలామంది దీన్ని కట్టడం మీద నిషేధంగా చెబుతారు. నిజానికి అందులో ఉన్నది అంతకన్నా సమతూకమైన ఏర్పాటు. మైసూరు కొత్త నిర్మాణం తలపెడితే వివరాలు ముందుగా మద్రాసుకు ఇచ్చి అంగీకారం తీసుకోవాలి. మద్రాసు మాత్రం అప్పటికే స్థిరపడి నిజంగా వాడుకలో ఉన్న నీటి హక్కును కాపాడుకోవడానికి తప్ప మరే కారణంతోనూ ఆ అంగీకారాన్ని నిరాకరించకూడదు. మాట కుదరకపోతే మధ్యవర్తులు తేలుస్తారు. ఎగువవాడికి ముందుగా చెప్పే బాధ్యత, దిగువవాడికి అకారణంగా అడ్డుపడకుండా ఉండే బాధ్యత, రెండూ అందులో ఉన్నాయి. ఇంకొక ముఖ్యమైన సంగతి కూడా ఉంది. 1892లో కుప్పం ప్రాంతం మైసూరులో లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది, 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. అంటే ఒప్పందం కాపాడదలచిన వైపున కుప్పం ఉంది, కట్టడి చేయదలచిన వైపున లేదు. మద్రాసుకు వారసులైన రెండు రాష్ట్రాల్లో ఒకటి రెండోదాని మీద ఈ ఒప్పందాన్ని ఎంతవరకు ప్రయోగించగలదన్నది నిజమైన న్యాయప్రశ్న. ఆ ప్రశ్నలో మన రాష్ట్రం పక్షాన బలమైన వాదనే ఉందని నా అభిప్రాయం.

బలమైన వాదన ఉంది కదా, దాంతోనే దావా గెలవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. గెలవచ్చు. కానీ ఆ గెలుపు ఎక్కడ ఆగుతుందో ఆలోచించాలి. పెన్నైయారు మీద ఏం జరిగిందో చూడండి. అదే 1892 ఒప్పందాన్ని పట్టుకుని, ఆ నది ఉపనది మార్కండేయ మీద కర్ణాటక కడుతున్న ఆనకట్టను ఆపాలని తమిళనాడు కోరింది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు ఇవ్వలేదు. వివాదం తేల్చుకోవాలంటే 1956 చట్టం కింద ట్రిబ్యునల్ కోసం కేంద్రాన్ని అడగమంది. పాలారు దావాకు కూడా చివరికి అదే దారి చూపించే అవకాశం ఎక్కువ. అంటే 1892 ఒప్పందం వర్తించదని మనం గెలిచినా, నీటి పంపకం ప్రశ్న అలాగే మిగులుతుంది. అప్పుడు మళ్లీ మొదటి నుంచి ట్రిబ్యునల్, మళ్లీ ఇరవై ఏళ్లు. 2006లో వేసిన దావా నడుస్తుండగానే కుప్పంలో ఒక తరం పెరిగి పెద్దదైంది. దావా గెలిచే దారి, నీరు దక్కే దారి ఒక్కటి కావని ఇక్కడే తెలుస్తోంది.

మరి మనం నిలబడదగిన సూత్రం ఏది? అది కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. 2018 ఫిబ్రవరి 16న కావేరి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోనే ఉంది. రాష్ట్రాల మధ్య పారే నది జాతి సంపద అని, ఏ రాష్ట్రమూ దాన్ని సొంత ఆస్తిగా చెప్పుకోలేదని ఆ తీర్పు చెప్పింది. న్యాయమైన పంపకమే కొలమానమని, ఆ పంపకంలో తాగునీటికి అగ్రస్థానం ఉంటుందని చెప్పింది. మన ప్రాంతానికి అంతకన్నా విలువైన భాగం ఇంకొకటి ఉంది. బెంగళూరు నగరంలో మూడో వంతే కావేరి పరీవాహకంలో ఉందని, కాబట్టి ఆ భాగానికే నీరు లెక్కగట్టాలని అంతకుముందు ట్రిబ్యునల్ నిర్ణయించింది. సుప్రీంకోర్టు ఆ పరిమితిని తోసిపుచ్చింది. దాహానికి పరీవాహకం గీత అడ్డు రాకూడదన్న ఆలోచనతో బెంగళూరు తాగునీటికి 4.75 టీఎంసీలు కలిపింది. తమిళనాడులో భూగర్భజలం అందుబాటులో ఉందన్న కారణంతో కర్ణాటకకు మరో పది టీఎంసీలు పెంచింది. ఈ రెండు నిర్ణయాలూ మన మండలాలకు ఆయుధాలు. పరీవాహకం బయటి జనం దాహాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని మొదటిది చెబుతుంది. భూగర్భజలం ఉన్నచోట ఒక లెక్క, లేనిచోట ఇంకొక లెక్క ఉండాలని రెండోది సూచిస్తుంది. బోరు మీద బోరు వేసి, వందల అడుగులు దిగినా రాయి పొడి తప్ప నీరు రాని మదనపల్లె, పుంగనూరు పల్లెలకు, టమాటా తోటను పూత దశలో ఎండబెట్టుకున్న గుర్రంకొండ వైపు రైతుకు ఇంతకన్నా మంచి న్యాయసూత్రం దొరకదు.

అయితే ఈ సూత్రాన్ని కృష్ణా మీద మాత్రమే వాడుకుని పాలారు దగ్గర పక్కన పెడతామంటే కుదరదు. అవసరమే కొలమానమైతే వేలూరు పట్టణం దాహం కూడా అవసరమే. భూగర్భజలం లెక్క అయితే పాలారు ఇసుకలో ఊటబావుల మీద బతికే పట్టణాల లెక్క కూడా తీయాలి. ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. తమిళనాడు న్యాయాన్ని ఇంతగా ఒప్పుకుంటే మన కేసు బలహీనపడదా అని అడుగుతారు. బలహీనపడదు, బలపడుతుంది. సుప్రీంకోర్టులోనైనా, ట్రిబ్యునల్‌లోనైనా ఒక రాష్ట్రం ఒక కేసులో దాఖలు చేసిన మాటను ఇంకొక కేసులో అవతలి పక్షం తీసి చూపిస్తుంది. ఆల్మట్టి ఎత్తు పెంచవద్దని వాదించే మన న్యాయవాది ముందు, గణేశపురంలో మీరు చేస్తున్నదేమిటని కర్ణాటక న్యాయవాది ఒక్క ప్రశ్న వేస్తే చాలు. అంతేకాదు, న్యాయమైన పంపకం అంటే దిగువవాడికి అంతా వదిలేయడం కాదు. ముప్పై మూడు కిలోమీటర్ల నది పారే కుప్పానికి పాలారులో న్యాయమైన వాటా తప్పకుండా ఉంది. ఆ వాటా ఎంతో అంకెలో తేలాలి. దిగువకు ఎంత వదలాలో కూడా అంకెలోనే తేలాలి. చెరువు కింద నీరుగంటి వంతులు వేసేటప్పుడు తూము దగ్గరి మడికి ఒక న్యాయం, చివరి మడికి ఇంకొక న్యాయం ఉండదు. ఆ పద్ధతి ఈ నేలకు కొత్త కాదు, రాష్ట్రాలకే కొత్తగా నేర్పాల్సి వస్తోంది.

రెండో అభ్యంతరం తెలంగాణ వైపు నుంచి వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కృష్ణా పరీవాహకంలోనే ఉన్న పాలమూరు ఎండిపోతుంటే, ఫ్లోరైడు నీళ్లతో నల్లగొండ పల్లెల్లో ఎముకలు వంగిపోతుంటే, పరీవాహకం బయట ఉన్న రాయలసీమకు నీరు తరలించడం ఏ న్యాయమని అడుగుతారు. ఆ బాధ నిజమైనది, ఆ ప్రశ్న గౌరవంగా జవాబు చెప్పదగినది. జవాబు ఇది. పరీవాహకం బయటికి నీరు మళ్లించడం చట్టవిరుద్ధం కాదని బచావత్ ట్రిబ్యునలే తేల్చింది. ఎన్నో ఏళ్లుగా పెన్నా పరీవాహకంలో సాగు చేస్తున్న కర్నూలు-కడప కాలువ వాడకానికి రక్షణ కూడా ఇచ్చింది. కానీ పరీవాహకం లోపలి అవసరానికి ముందు స్థానం ఉండాలన్న ఆలోచనను కూడా మనం కాదనకూడదు. పాలమూరు దాహం, పుంగనూరు దాహం ఒకే వరుసలో ముందు నిలబడాలి. ఆ తర్వాతే రెండో పంట, ఆ తర్వాతే విద్యుదుత్పత్తి. విభజన చట్టం పదకొండో షెడ్యూలులో హంద్రీ-నీవా పక్కనే కల్వకుర్తి, నెట్టెంపాడు ఉన్నాయన్నది మరచిపోవద్దు. ఆ పేజీని కాపాడుకోవడం రెండు రాష్ట్రాల మెట్ట జిల్లాలకూ ఉమ్మడి ప్రయోజనం. సీమ రైతుకు పాలమూరు రైతు శత్రువు కాడు. వరద నీరు ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రంలోకి పోయే ఏళ్లలో కూడా ఈ ఇద్దరి పొలాలూ ఎండాయి. కారణం పొరుగు జిల్లా కాదు, పంపకం తేలకపోవడమే.

మూడో అభ్యంతరం అన్నింటికన్నా ప్రజాదరణ ఉన్నది. చట్టం, ట్రిబ్యునల్ అంటూ కూర్చుంటే తరాలు గడిచిపోతాయి, ముందు కట్టేస్తే తర్వాత చట్టమే దారికి వస్తుందన్నది ఆ వాదన. దీనికి చరిత్రలో ఆధారం లేకపోలేదు. 1960 నాటికి వాడుకలో ఉన్న ప్రాజెక్టులకు బచావత్ రక్షణ ఇచ్చింది కాబట్టి, కట్టినవాడిదే నీరన్న నమ్మకం అన్ని రాష్ట్రాల్లోనూ పాతుకుపోయింది. కానీ కాలం మారింది. పర్యావరణ అనుమతి లేకుండా ముందుకు వెళ్లకూడదంటూ రాయలసీమ ఎత్తిపోతల పథకాన్ని 2020లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆపింది. గణేశపురం జలాశయం రెండు దశాబ్దాలుగా కాగితాలకు, శంకుస్థాపనలకు మధ్య తిరుగుతోంది. హంద్రీ-నీవానే చూడండి. దశాబ్దాలు తవ్వి, వేల కోట్లు పోసి కుప్పం దాకా నీరు తెచ్చినా, రెండో ట్రిబ్యునల్ నివేదికలో దానికి నికరమైన కేటాయింపు రాలేదు. అదే నివేదిక తెలుగుగంగకు 25 టీఎంసీలు చూపించింది. కాంక్రీటు పోసినంత మాత్రాన హక్కు పుట్టదని దీన్నిబట్టి అర్థమవుతోంది. కాలువ తవ్వడం తప్పని నేను అనడం లేదు. కాలువతో పాటు కేటాయింపును కూడా సాధించడం ప్రభుత్వం పనేనని, మొదటిది ఊరేగింపులతో జరిగి రెండోది మరుగున పడడమే తప్పని అంటున్నాను.

రాష్ట్రాలు కలిసి మాట్లాడుకుంటే పని జరుగుతుందా అన్న సందేహానికి జవాబు తెలుగుగంగలోనే ఉంది. మద్రాసు నగరం దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా ఐదు టీఎంసీల కృష్ణా నీటిని వదులుకోవడానికి 1976లో ఒప్పుకున్నాయి. 1983 ఏప్రిల్‌లో ఎన్టీ రామారావు, ఎం.జి.రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు మధ్య అమలు ఒప్పందం కుదిరింది. దారి నష్టాలు పోను 12 టీఎంసీలు సరిహద్దు దగ్గర అప్పగించాలన్నది ఏర్పాటు. 1996లో ఆ నీరు తమిళనాడు గడ్డ తొక్కింది. మద్రాసు కృష్ణా పరీవాహకంలో లేదు, ఆ రాష్ట్రం కృష్ణా తీర రాష్ట్రం కూడా కాదు. అయినా దాహం అన్న ఒక్క కారణంతో మూడు రాష్ట్రాలు నీరిచ్చాయి. ఆ ఒప్పందాన్ని మోస్తున్నది మన కాలువలు, మన జలాశయాలు. పాలారు విషయంలో తమిళనాడుతో మాట్లాడటానికి మనకు ఇంతకన్నా గట్టి నైతిక స్థానం ఏం కావాలి? ఒక బల్ల దగ్గర తెలుగుగంగ సరఫరా, గణేశపురం నిల్వ, దిగువకు వదలాల్సిన పాలారు నీరు, మూడూ కలిపి చర్చించవచ్చు. వాణియంబాడి, అంబూరు తోళ్ల కర్మాగారాల వ్యర్థాలతో పాలారు ఎంత చెడిపోయిందో 1996లోనే సుప్రీంకోర్టు తీర్పులో రికార్డయింది. కాబట్టి నది ఆరోగ్యం గురించి మనం కూడా అడగవచ్చు. అడిగే హక్కు ఇచ్చేవాడికే గట్టిగా ఉంటుంది.

మాటల దారి మూసుకుపోతే ఏమవుతుందో 2021లో చూశాం. శ్రీశైలంలో తెలంగాణ విద్యుదుత్పత్తి మీద ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాడినని చెప్పి, మధ్యవర్తిత్వంతో పరిష్కరించుకోమని సూచించారు. మన రాష్ట్రం న్యాయవిచారణే కావాలంది, ఆయన కేసు నుంచి తప్పుకున్నారు. విచారణ కోరడం రాష్ట్రానికి ఉన్న హక్కే. కానీ ఆ విచారణ మన కాలువలకు ఎంత నికర జలం తెచ్చిందని ఈ ప్రాంతం అడగాలి. కోర్టులనే నమ్ముకుందామంటే వాటి గడువులు కూడా మన చేతిలో లేవు. 1956 చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం ట్రిబ్యునల్ మూడేళ్లలో, పొడిగిస్తే మరో రెండేళ్లలో నివేదిక ఇవ్వాలి. కృష్ణా రెండో ట్రిబ్యునల్ ఏర్పడి ఇరవై ఏళ్లు దాటాయి. దీన్ని సరిచేయడానికి అన్ని నదులకూ ఒకే శాశ్వత ట్రిబ్యునల్, ముందుగా రాజీ కోసం ఒక సంఘం, నదుల నీటి లెక్కల ఉమ్మడి సమాచార నిధి, కచ్చితమైన గడువులు ప్రతిపాదించిన సవరణ బిల్లును 2019 జులైలో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ ఆమోదం పొందలేదు. 2024లో లోక్‌సభ కాలం ముగియడంతో అది చట్టం కాకుండానే పోయింది. అందులో కేంద్రానికి అధికారం మితిమీరిందన్న రాష్ట్రాల ఆందోళన అర్థం లేనిది కాదు. న్యాయమూర్తుల, నిపుణుల ఎంపికలో రాష్ట్రాలకు మాట ఉండేలా దాన్ని మార్చి తేవాలి. గడువుల అవసరాన్ని మాత్రం ఎవరూ కాదనలేరు.

శ్రోతలారా, ఇంతవరకు చెప్పిన దాన్నిబట్టి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పార్టీ ఏదైనా, చేయాల్సిన పనులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కృష్ణా ట్రిబ్యునల్ ముందు హంద్రీ-నీవా కింద తాగునీటికి, చెరువులు నింపడానికి కావాల్సిన పరిమాణాన్ని వేరుగా లెక్కగట్టి, దాన్ని మిగులు వెసులుబాటుగా కాక నికర హక్కుగా అడగాలి. కావేరి తీర్పులోని బెంగళూరు సూత్రాన్ని అందుకు ఆధారంగా పెట్టాలి. పాలారు మీద కర్ణాటక, తమిళనాడులను కలిపి ముగ్గురి ఉమ్మడి కొలతలకు ముందుకు రావాలి. ప్రతి వానాకాలం ఎంత నీరు వచ్చింది, కుప్పంలో ఎంత ఆగింది, సరిహద్దు ఎంత దాటిందన్న అంకెలు మూడు రాష్ట్రాల ప్రజలకూ కనిపించాలి. గణేశపురం నిల్వ ఎంత ఉండాలో ఆ అంకెల మీద తేల్చుకోవాలి. ఈ ప్రాంతం నుంచి ఎన్నికైనవాళ్లు పార్లమెంటులో ట్రిబ్యునళ్ల గడువు చట్టం కోసం పట్టుబట్టాలి. ఇక పౌరులుగా మనం చేయాల్సింది ఒకటుంది. కాలువలో నీరు వచ్చిందని చెప్పిన ప్రతి నాయకుడినీ ఆ నీటికి కేటాయింపు పత్రం ఏదని అడగాలి. పాలారు మీద ఆనకట్ట కడతామని చెప్పిన ప్రతి నాయకుడినీ దిగువ పల్లెలకు ఎంత వదులుతారని అడగాలి. మొదటి ప్రశ్న మన హక్కు, రెండోది మన బాధ్యత. బాధ్యతను ఒప్పుకున్న రాష్ట్రం హక్కును అడిగినప్పుడే ఆ గొంతును ట్రిబ్యునల్ నమ్ముతుంది, పొరుగు రాష్ట్రం గౌరవిస్తుంది. గుర్రంకొండ నుంచి కుప్పం దాకా ఉన్న ఈ మెట్ట నేల వరదల దయ మీద కాక చట్టం బలం మీద నీరు పొందాలంటే ఇంతకన్నా దగ్గరి దారి లేదు.